నీళ్లు పోసినా మొక్క ఎందుకు ఎండుతుంది?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో మొక్కల గురించి ఒక అంకె ఉంది. ఊళ్లో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. బతక్కపోతే సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. 2015 జూలైలో రాష్ట్రమంతా మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైన మూడేళ్లకు వచ్చిన నిబంధన ఇది. నాటడం ఒక ఎత్తు, బతికించడం ఇంకో ఎత్తు అని ప్రభుత్వానికి అప్పటికే అర్థమైందన్నమాట. ఆ తర్వాత పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్యాంకర్లు వచ్చాయి. వాటి పని చెత్త ఎత్తడం ఒకటి, మొక్కలకు నీళ్లు పోయడం ఒకటి.

అయినా మే నెలలో ఏ ఊరి రోడ్డు మీద వెళ్లినా, ట్రీగార్డుల్లో ఎండిపోయిన పుల్లలు కొన్నయినా కనిపిస్తాయి. నీళ్లు పోయలేదా అంటే పోశారు. "ఎండలు మండిపోతున్నాయి, ఎన్ని నీళ్లు పోసినా ఆగట్లేదు సార్" అంటారు అక్కడివాళ్లు. అందులో సగం నిజం. ఎండలు మండిపోతున్న మాట వాస్తవమే. పోసిన నీళ్లు వేరు దాకా దిగాయా లేదా అన్నది మాత్రం ఎవరూ చూడరు. లేత చెట్లకు వేసవిలో జరిగే నష్టంలో చాలా భాగం అక్కడే జరుగుతుంది.

ముందు వేరు సంగతి చూడాలి. జూలైలో నాటిన మొక్క అప్పటిదాకా నర్సరీ కవరులో, గుప్పెడు మట్టిలో పెరిగింది. వానాకాలం, చలికాలం గడిచేసరికి దాని వేర్లు నాటిన గుంత దాటి కాస్త అటూ ఇటూ పాకి ఉంటాయి, అంతే. పక్కనే ఇరవై ఏళ్ల వేపచెట్టు ఉందనుకోండి. నెలల తరబడి చుక్క వాన లేకపోయినా ఉగాది నాటికి అది నిగనిగలాడే చిగురు వేస్తుంది. కానుగ కూడా ఎండాకాలం మొదట్లోనే పాత ఆకు రాల్చి లేతాకు తొడుగుతుంది. లోతున ఉన్న తేమ వాటికి అందుతుంది కాబట్టి ఆ ధైర్యం. ఏడాది మొక్కకు అందేది పైన ఉన్న ఒక అడుగు మట్టి మాత్రమే. ఎండాకాలంలో అన్నిటికంటే ముందు ఆరిపోయేది కూడా ఆ అడుగు మట్టే.

ఇక ఆకు సంగతి. మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడినట్టే, ఆకు తన సన్నటి రంధ్రాల గుండా నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుంది. వేరు నుంచి నీరు రావడం తగ్గితే ఆ రంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆదా అవుతుంది కానీ ఆకు వేడెక్కుతుంది, ఆహారం తయారీ ఆగిపోతుంది. అంచులు మాడడం, ఆకు ముడుచుకోవడం, చివరికి రాలిపోవడం ఈ క్రమంలోనే జరుగుతాయి. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటితే వడగాలి అని ప్రకటిస్తుంది. ఆ 45 డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ లెక్క నమోదైన రోజున తారు రోడ్డు పక్కన, ఎర్రటి ఎండలో నిలబడ్డ రెండడుగుల మొక్క చుట్టూ ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. కప్పు లేని నేల పైపొర మిట్టమధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు.

ఇప్పుడు నీటి లెక్క. రెండున్నర, మూడు అడుగుల వెడల్పు పాదులో ఒక బిందె నీళ్లు, అంటే సుమారు 15 నుంచి 20 లీటర్లు పోస్తే, అది దాదాపు 3 సెంటీమీటర్ల వాన పడినట్టు. ఎర్ర ఇసుక నేలలో ఆ నీరు సుమారు అడుగు లోతు దాకా తడుపుతుంది. అదే పాదులో రోజూ 4, 5 లీటర్లు చల్లితే 7, 8 మిల్లీమీటర్లు. తడిసేది పైన రెండు మూడు అంగుళాలు. మే నెలలో మన మెట్ట ప్రాంతాల్లో తెరిచిన తొట్టిలోంచి రోజుకు 10 మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది. అంటే పొద్దున చల్లిన నీటిలో ఎక్కువ భాగం సాయంత్రానికి గాలిలో కలిసిపోతుంది. వారం మొత్తం మీద రోజూ చల్లినవాళ్లు 30 లీటర్లు ఖర్చు పెట్టారు, వారానికి ఒకసారి నిండా పోసినవాళ్లు 20 లీటర్లు ఖర్చు పెట్టారు. ఎక్కువ నీళ్లు వాడిన చోటే మొక్క ఎండింది. పైగా రోజూ పై తడి తగలడంతో వేర్లు పైపైనే పాకుతాయి. రెండు రోజులు ట్యాంకర్ రాకపోతే తట్టుకునే శక్తి వాటికి ఉండదు.

కాబట్టి తొలి ఏడాది మొక్కకు ఎర్ర నేలలో నాలుగైదు రోజులకు ఒకసారి, నల్లరేగడిలో వారం పది రోజులకు ఒకసారి నిండా తడి ఇవ్వడం మంచి పద్ధతి. రెండో వేసవికి పాదు వెడల్పు చేసి, నీరు పెంచి, రోజుల తేడా ఇంకాస్త పెంచవచ్చు. ఈ అంకెలు పట్టుకుని కూర్చోవడం కంటే ఒక ఇనుప చువ్వ దగ్గర పెట్టుకోవడం మేలు. పాదులో గుచ్చితే అడుగు లోతు దాకా సులువుగా దిగి, చివర తడి మట్టి అంటుకుని వస్తే నీళ్లు అక్కర్లేదు. నాలుగు అంగుళాలకే ఆగిపోతే పైతడే అని అర్థం. బాగా ఎండిపోయిన మట్టి మొదట నీటిని పీల్చుకోదు, పక్కకు తోసేస్తుంది. అందుకే బిందె మొత్తం ఒకేసారి గుమ్మరించకుండా సగం పోసి, అది ఇంకాక మిగతా సగం పోయాలి.

మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారు పడి నీళ్లు పోసేవాళ్లు చాలామంది. తేమ ఉన్న నేలలో కూడా మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆకు వాలుతుంది, పొద్దుగూకాక లేస్తుంది. చూడాల్సింది తెల్లవారుజామున. రాత్రంతా గడిచాక కూడా ఆకు వాలే ఉంటే అప్పుడు దాహం నిజం. ఒకవేళ నేల తడిగానే ఉండి, ఆకు పసుపు పచ్చగా మారి వాలుతుంటే, వేరుకు గాలి ఆడక కుళ్లుతోందని అనుమానించాలి. అలాంటి మొక్కకు ఎండిందనుకుని ఇంకో బిందె పోస్తే పని పూర్తయినట్టే! ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్లలో ప్రేమగా పెంచే మొక్కలు ఎక్కువగా ఇలా పోతుంటాయి.

నల్లరేగడి కథ వేరు. ఆ నేల నీటిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది, కానీ ఆరేకొద్దీ కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు లేత వేర్లను తెంపేస్తాయి. వేడి గాలి లోపలికి వెళ్లి లోతు మట్టిని కూడా ఆరబెడుతుంది. తర్వాత పోసిన నీళ్లు నెర్రెలోంచి నేరుగా కిందికి జారిపోతాయి, మొక్కకు దక్కవు. అందుకే రేగడి నేలల్లో నెర్రె పడ్డాక నీళ్లు పోయడం కంటే పడకుండా చూసుకోవడం ముఖ్యం. పాదులో పైన రెండంగుళాల మట్టిని కొంకితో గుల్ల చేసి నెర్రెలు పూడ్చి, మీద చెత్త కప్పితే సగం సమస్య తీరుతుంది. లోతుగా తవ్వితే మాత్రం వేర్లు తెగుతాయి.

చెత్త కప్పడం గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పుకోవాలి. ఖర్చు లేని పని, అయినా చేసేవాళ్లు తక్కువ. వరిగడ్డి, చెరకాకు, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, రాలిన ఆకులు, ఏది దొరికితే అది మూడు నాలుగు అంగుళాల మందంగా పాదంతా పరచాలి. నేల వేడి బాగా తగ్గుతుంది, తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది, కలుపు రాదు. ఊరి రోడ్ల మీద ఊడ్చిన ఆకును కుప్పపోసి తగలబెట్టి, పక్కనే ఉన్న మొక్కకు ట్యాంకర్ నీళ్లు పోయడం మన దగ్గర రోజూ కనిపించే వింత. అయితే రెండు జాగ్రత్తలు. కప్పు కాండానికి ఆనకూడదు, చుట్టూ నాలుగంగుళాలు వదిలెయ్యాలి. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ. నీరందక నీరసించిన మొక్క బెరడు అంటే వాటికి మరీ ఇష్టం. కాండానికి ఆనించిన గడ్డి వాటికి నిచ్చెన వేసినట్టవుతుంది. పాదులో కాస్త వేపపిండి కలపడం, కాండం మీద మట్టి గూళ్లు కనిపించిన వెంటనే రాల్చేయడం చెయ్యాలి. రెండోది నిప్పు. రోడ్డు పక్కన ఎవరో పారేసిన బీడీ ముక్కతో ఎండుగడ్డి అంటుకుంటే వరస మొత్తం పోతుంది. అలాంటి చోట్ల కప్పు మీద పలచగా మట్టి చల్లడం, పాదు చుట్టూ గడ్డి చెక్కేయడం తప్పనిసరి.

ఎండ దెబ్బ ఆకుకే తగులుతుందనుకుంటాం కానీ కాండానికి తగిలే దెబ్బ ఇంకా ప్రమాదం. లేత చెట్టు బెరడు పలచన. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ నేరుగా పడే వైపు బెరడు కింది కణాలు ఉడికి చనిపోతాయి. వెంటనే ఏమీ కనిపించదు. కొన్ని వారాలకు ఆ వైపు బెరడు రంగు మారి, నొక్కుపడి, చీలుతుంది. ఆ చీలికలోంచి కాండం తొలిచే పురుగు దూరుతుంది, బూజు తెగులు పడుతుంది. మామిడి తోటల్లో, కొత్తగా కొమ్మలు నరికిన చెట్లలో ఇది బాగా చూస్తాం. విరుగుడు పాతదే, సున్నం. తెల్లటి పూత ఎండను వెనక్కి కొట్టి బెరడును చల్లగా ఉంచుతుంది. పండ్ల తోటల్లో కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీళ్లలో కలిపి, మొత్తం పది లీటర్లయ్యేలా తయారుచేసిన బోర్డో పేస్టును కాండానికి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పూస్తారు. దాంతో తెగుళ్ల నుంచి కూడా రక్షణ దొరుకుతుంది. హైవే చెట్లకు ఎర్ర పట్టీ మధ్యలో తెల్ల పట్టీ వేయడం చూస్తుంటాం. చల్లదనం విషయంలో ఉపయోగపడేది ఆ తెల్లదే. పూత ఫిబ్రవరి చివరికో మార్చి మొదట్లోనో అయిపోవాలి. మే నెలలో బెరడు మాడాక పూసే సున్నం ఫొటోకి పనికొస్తుంది.

నీడ కూడా పడమటి వైపే ముఖ్యం. కొబ్బరి మొక్కలకు, కొత్తగా నాటిన మామిడి అంట్లకు రైతులు పడమర, నైరుతి దిక్కున రెండు తాటి మట్టలు గుచ్చుతారు. పొద్దుటి ఎండ మొక్కకు మేలే చేస్తుంది, దాన్ని ఆపాల్సిన పనిలేదు. పచ్చ రంగు షేడ్ నెట్ కట్టేవాళ్లు మొక్కను మూటలా చుట్టేస్తున్నారు. లోపల గాలి ఆడక ఉక్కపోతకు అది ఇంకా త్వరగా పోతుంది. పైన, పడమట మాత్రం కట్టి మిగతా దిక్కులు వదిలేయాలి. ఇనుప ట్రీగార్డులు పశువుల నుంచి కాపాడతాయి గానీ, ఎండకు కాలిన ఇనుము లేత కాండాన్నీ కొమ్మనూ తాకితే వాత పెడుతుంది. ఆ చోట గోనెపట్టా ముక్క కట్టాలి. ఊతకర్రకు కట్టిన ప్లాస్టిక్ తాడు బెరడులోకి దిగిపోయిందేమో కూడా అప్పుడే చూడాలి.

నీరు మరీ కరువైన చోట కుండ పద్ధతికి సాటి లేదు. మెరుగు పెట్టని మట్టి కుండను మొక్కకు అడుగున్నర దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడతారు. చుట్టూ మట్టి ఆరేకొద్దీ నీరు కుండ గోడల గుండా మెల్లగా ఊరుతుంది, మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. కొందరు అడుగున చిన్న చిల్లు పెట్టి గుడ్డ ఒత్తి దూరుస్తారు. నీరు నేరుగా వేరు లోతులోకి చేరుతుంది కాబట్టి ఆవిరి నష్టం చాలా తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి చోట్ల బోరు లేని రైతుకు ఇది పనికొచ్చే మార్గం. డ్రిప్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు మరోటి. నాటినప్పుడు కాండం పక్కన పెట్టిన డ్రిప్పర్ మూడేళ్లయినా అక్కడే ఉంటుంది. వేర్లు పాకినకొద్దీ దాన్ని బయటికి జరపాలి, రెండోది కలపాలి. లేకపోతే కాండం మొదలు నాని కుళ్లుతుంది, చివరి వేర్లు ఎండుతాయి. ఇంకో చిన్న సంగతి, నల్ల పైపులో మధ్యాహ్నం నిలిచిన నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఇంట్లో పైపుతో పోసేవాళ్లు మొదటి నీటిని పక్కకు వదిలేయాలి. వీలైతే తెల్లవారుజామున, లేదంటే పొద్దుగూకాక పోస్తే ఈ టెన్షన్ ఉండదు.

రోడ్ల పక్క మొక్కలకు వచ్చేసరికి ఇదంతా డబ్బు, డీజిల్, మనుషుల లెక్కగా మారుతుంది. కిలోమీటరు రోడ్డుకు రెండు వైపులా నాలుగు మీటర్లకో మొక్క చొప్పున నాటితే 500 మొక్కలు. మొక్కకు 20 లీటర్లంటే ఒక్క తడికి 10,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ రెండు ట్రిప్పులు కొట్టాలి. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా వారానికో తడి అంటే 14 తడులు, 28 ట్రిప్పులు. ఇది ఒక్క కిలోమీటరుకు! పంచాయతీకి నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు ఉంటే ఏమవుతుందో తెలిసిందే. ట్యాంకర్ ఆగకుండా నడుస్తుంది, వెనక మనిషి పైపు పట్టుకుని ఒక్కో మొక్క మీద కొన్ని సెకన్లు జల్లుకుంటూ పోతాడు. పాదు కట్ట తెగి ఉంటే ఆ నీరు కూడా రోడ్డు మీదికే. తప్పు అతనిది కాదు, అతనికి ఇచ్చిన లక్ష్యం అలాంటిది. రిజిస్టర్‌లో "నీరు పోయబడింది" అని పడుతుంది, మొక్క మాత్రం ఎండుతుంది. 500 నాటి 500కీ పైతడి ఇవ్వడం కంటే 200 నాటి నిండా తడపడం మేలని లెక్క తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. కానీ లక్ష్యాలు నాటే సంఖ్యలోనే వస్తాయి. ఎండను, నిర్లక్ష్యాన్ని తట్టుకుంటుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును ఊరూరా నాటడం వెనక ఉన్నదీ ఈ ఒత్తిడే. అది బతికింది, కానీ దాని పుప్పొడి అలర్జీ తెస్తుందని, వేర్లు పైపుల్లో దూరతాయని తర్వాత అభ్యంతరాలు వచ్చాయి.

తక్కువ నాటి దగ్గరుండి సాకితే ఏమవుతుందో పొరుగు రాష్ట్రంలో కనిపిస్తుంది. కర్ణాటకలోని హులికల్ దగ్గర సాలుమరద తిమ్మక్క, ఆమె భర్త రోడ్డు వెంట 380కి పైగా మర్రి మొక్కలు నాటారు. వానాకాలంలో నాటి, ముళ్లకంప కట్టి, ఎండాకాలంలో బిందెలతో నీళ్లు మోసి పెంచారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. లక్షల్లో నాటామని చెప్పే రోజుల్లో 380 చిన్న సంఖ్యే అనిపిస్తుంది, కానీ ఆ రోడ్డు మీద చెట్లు ఉన్నాయి.

మన ఖమ్మం జిల్లాకు చెందిన వనజీవి దరిపల్లి రామయ్యది మరో దారి. 2017లో పద్మశ్రీ అందుకుని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన ఆయన మొక్కలతో పాటు విత్తనాలు కూడా సేకరించి ఖాళీ జాగా కనిపించిన చోటల్లా వేసుకుంటూ పోయారు. విత్తనం ఉన్నచోటే మొలిస్తే తల్లివేరు ఎక్కడా మెలిక తిరగకుండా నేరుగా కిందికి దిగుతుంది. వేప, చింత, కానుగ లాంటివి పైకి జానెడు కనిపించే వయసులోనే లోపల ఎంతో లోతుకు వెళ్లి ఉంటాయి. నర్సరీ కవరులో ఎక్కువ నెలలు ఉంచిన మొక్కకు వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. నాటేటప్పుడు ఆ చుట్టను విప్పకపోతే, కత్తిరించకపోతే, ఏడాదైనా అది అలాగే తిరుగుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో నీళ్లు పోస్తున్నా ఎండే మొక్కల్ని పీకి చూస్తే కొన్నిటి వేర్లు ఇంకా కవరు ఆకారంలోనే కనిపిస్తాయి. అక్కడ తప్పు వేసవిది కాదు, నాటిన రోజుది. ఎత్తుగా ఉందని ముచ్చటపడి నాలుగేళ్ల మొక్క కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆకు ఎక్కువ, వేరు తక్కువ ఉన్న మొక్కకు తొలి వేసవి మరీ కష్టం.

పండ్ల తోటల రైతులకు ఇంకో మాట. ఒకటి రెండేళ్ల మామిడి అంట్లకు జనవరి, ఫిబ్రవరిల్లో పూత వస్తే సంబరపడకుండా తుంచేయాలి. ఆ పూత, పిందె తినేసే శక్తి ఎండల్లో మొక్కకు కావాలి. అంటు కింద, వేరుమొక్క నుంచి వచ్చే కొమ్మలు కూడా తీసేయాలి. మండు వేసవిలో యూరియా వేయొద్దు. నీరు చాలని చోట ఎరువులోని లవణం వేరును కాలుస్తుంది, ఒకవేళ చిగురు వచ్చినా ఆ లేతాకు వడగాలికి మాడుతుంది. కొమ్మలు కత్తిరించే పని కూడా వానల దాకా ఆపాలి, నీడనిచ్చే ఆకును మనమే తీసేస్తే కాండం ఎండకు తేలుతుంది. మే నెలలో వచ్చే కర్తరి రోజుల్లో మట్టి పని చేయొద్దు, చెట్టు నాటొద్దు, కొట్టొద్దు అని పెద్దలు అంటారు. అది వృక్షశాస్త్రం చదివి పెట్టిన నియమం కాకపోవచ్చు, కానీ నాటడం విషయంలో మాత్రం సరిగ్గా కుదిరింది. పర్యావరణ దినోత్సవమని జూన్ 5న, రోహిణి కార్తె ఇంకా పోకముందే మొక్కలు నాటే కార్యక్రమాలను చూస్తే కర్తరి పట్టింపు ఉన్నవాళ్లే నయమనిపిస్తుంది.

చివరి గండం వానలు మొదలయ్యాక వస్తుంది. మృగశిరకు ఒక జల్లు పడగానే ట్యాంకర్ ఆపేస్తారు. ఒక్కోసారి ఆ జల్లుకీ అసలు వానలకీ మధ్య రెండు మూడు వారాల ఎడం వస్తుంది. వేసవంతా నిలబడిన మొక్క ఆ వారాల్లో పోతుంది. జల్లు పడినా చువ్వ గుచ్చి చూసి, అడుగు లోతు తడిసేదాకా నీళ్లు కొనసాగించాలి. ఆకంతా రాలి మోడుగా నిలబడిన వాటిని కూడా తొందరపడి పీకొద్దు. టేకు లాంటి చెట్లు ఎండాకాలంలో ఆకు రాల్చడం వాటి స్వభావమే. మిగతా వాటికి కాండం మీద గోరుతో చిన్నగా గీకి చూడాలి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. పైన గోధుమ రంగులోకి మారి ఎండినా, కిందికి వస్తూ గీకితే మొదలు దగ్గర పచ్చదనం దొరకవచ్చు. అలాంటి వాటిని ఎండిన చోటు దాకా మాత్రం కోసి, జూలై నెలాఖరు దాకా ఆగి చూసి, అప్పటికీ చిగురు రాకపోతేనే ఆ గుంతలో కొత్త మొక్క నాటాలి.